తొమ్మిదో నిబంధన ప్రకారం

కొప్పిశెట్టి తాతాజీ మాస్టారు చేసిన తప్పు ఒక్కటే. గ్రహణం వస్తోందని ప్రభుత్వానికి ఉత్తరం రాశారు. రాయకపోయినా గ్రహణం వచ్చేదే. ప్రభుత్వం మాత్రం వచ్చేది కాదు.

తుమ్మలగరువు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆయన భౌతిక శాస్త్రం చెబుతారు. ఏడో తరగతికి గ్రహణాల పాఠం చెప్పడానికి ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన సరంజామా ఒకటే: టార్చిలైటు సూర్యుడు, బత్తాయి భూమి, నిమ్మకాయ చంద్రుడు. పాఠం అయ్యాక చంద్రుణ్ణి మజ్జిగలో పిండుకుని తాగేస్తారు. ఇన్నేళ్ళు పాఠం చెప్పినా సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మాత్రం ఆయన కళ్ళారా చూడలేదు. ఆరో ఏట ఒకసారి అవకాశం వచ్చింది. వాళ్ళ మామ్మ తలుపులు మూసి, కిటికీలకు గోనెపట్టాలు కట్టి, తాళం కన్నంలో కూడా గుడ్డపీలిక కుక్కి, మనవణ్ణి ఒళ్ళో అదిమిపట్టుకుని కూర్చుంది. బయట పట్టపగలు కోళ్ళు గూట్లోకి పోతున్న చప్పుడు మాత్రం వినపడింది. కోళ్ళు చూసింది తాను చూడలేకపోయానని ఆయనకు ఇప్పటికీ కడుపుమంట.

మళ్ళీ ఇన్నేళ్ళకు, రిటైరవడానికి పద్నాలుగు నెలల ముందు, చంద్రుడి నీడ సరిగ్గా తుమ్మలగరువు మీదుగా పోతోందని తెలిసింది. ఉదయం పది నలభై ఒకటికి. నిమిషం యాభై రెండు సెకన్లు. మాస్టారు గోడ కాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. రోజూ చెప్పులు తొడుక్కునే ముందు ఆ సున్నాను ఒకసారి చూసుకుని బడికి పోయేవారు. తాను చూడాలి. తన బడిలోని నాలుగు వందల పన్నెండు మంది పిల్లలూ చూడాలి. వాళ్ళలో ఒక్కరు కూడా ఏ మామ్మ ఒళ్ళోనూ కూర్చోకూడదు. ఆ ఆత్రంలోనే ఉత్తరం రాశారు.

ఉత్తరంలో ఉన్నవి మూడే వాక్యాలు. గ్రహణం నల్లద్దాలు పెట్టుకుని చూడాలి. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన నిమిషం యాభై రెండు సెకన్లూ అద్దాలు తీసేసి చూడాలి. వెలుతురు తిరిగి రాబోతుండగానే మళ్ళీ పెట్టుకోవాలి.

పది రోజులకు జవాబు వచ్చింది. "తమరి లేఖలోని అంశము పరిశీలనకు స్వీకరించబడినది. తమరిని జిల్లా సూర్యగ్రహణ సురక్షిత వీక్షణ సంఘమునకు సాంకేతిక సభ్యునిగా నియమించడమైనది." మాస్టారు ఆ కాగితాన్ని స్టాఫ్ రూములో మూడుసార్లు చదివి వినిపించారు. మూడోసారి ఎవరూ అడగలేదు. ఆ ఆదివారమే సమావేశం కోసం కొత్త చొక్కా కొనుక్కున్నారు.

సంఘానికి అధ్యక్షులు ప్రత్యేకాధికారి పరాంకుశం గారు. వరదలకూ, ఎండలకూ, దోమలకూ ప్రత్యేకాధికారిగా పనిచేసి వచ్చిన మనిషి. మొదటి సమావేశంలో గోడమీది జిల్లా పటాన్ని చాలాసేపు చూసి, చివరికి మాస్టారి వైపు తిరిగారు.

"ఈ గ్రహణం మన జిల్లాకే ఎందుకు పడిందండీ? పక్క జిల్లావాళ్ళు వద్దని ముందే కాగితం పెట్టుకున్నారా?"

"చంద్రుడి నీడ దారి అలా ఉందండి," అన్నారు మాస్టారు, సంచిలోంచి నిమ్మకాయా బత్తాయీ తీసి చూపిస్తూ.

"దారి మార్చమని నేననట్లేదు. మార్చడానికి ప్రయత్నం జరిగినట్టు ఫైల్లో ఒక ముక్క ఉండాలి కదా, అదీ నా బాధ."

అందుకని ఒక లేఖ తయారైంది. ఎవరికి రాయాలో తేలక "సంబంధిత అధికారి గారికి" అన్న చోట అది ఇప్పటికీ ఆగి ఉంది.

తరవాత మాస్టారి మూడు వాక్యాలు చర్చకు వచ్చాయి. మొదటిదీ మూడోదీ సాఫీగా గట్టెక్కాయి. రెండోదాని దగ్గర పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అద్దాలు తీసేసి చూడాలి. ఈ ముక్క ఎవరు రాశారు?"

"నేనేనండి. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయాక ఆ అద్దాల్లోంచి ఏమీ కనపడదండి. కటిక చీకటి. అప్పుడు ఉత్త కళ్ళతోనే చూడాలి. అసలు గ్రహణం అంటే అదేనండి, మిగతాదంతా దానికోసం ఎదురుచూడ్డమే."

"మీ శాస్త్రం మీరు చెప్పారు, బాగుంది. రేపు ఎవడో ఒక పిల్లాడు కన్ను నలుపుకుంటాడు. మర్నాడు పేపర్లో నా సంతకం, దానిపైన 'తీసేసి చూడాలి' అన్న ముక్క, రెండూ పక్కపక్కన పడతాయి. అప్పుడు మీ నిమ్మకాయా బత్తాయీ వచ్చి నా ఉద్యోగం కాపాడతాయా?"

ఇరవై తొమ్మిదేళ్ళ శాస్త్రం మాస్టారి నోటిదాకా వచ్చింది. ఆ వాక్యం పోతే మిగతా రెండూ దండగ అని చెప్పాలి. లేచి నిలబడి చెప్పాలి. సరిగ్గా అప్పుడే ఆయన ముందు పింగాణీ కప్పులో కాఫీ పెట్టారు. హైస్కూలు మాస్టారికి ఆ ఆఫీసులో పింగాణీ కప్పు రావడం అదే మొదలు.

"వాక్యం తియ్యక్కర్లేదండి. భాష కొంచెం సర్దుకుందాం," అన్నారు మాస్టారు. "'సమర్థ అధికారి ముందస్తు అనుమతి లేనిదే అద్దములు తొలగించరాదు' అని పెడితే?"

పరాంకుశం గారి మొహం విప్పారింది. "ఇదండీ భాషంటే! ఇంత కలం పెట్టుకుని మీరు బళ్ళో ఎందుకుండిపోయారు మాస్టారూ?"

ఆ ఒక్క మాట ఆయన కొంప ముంచింది. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి తెల్లకాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. మూడు వాక్యాలు వారంలో ముప్ఫై ఒక్క నిబంధనలయ్యాయి. అన్నిటికంటే ఆయనకు ముద్దొచ్చింది తొమ్మిదోది. "పర్యవేక్షకులు సూర్యునికి వీపు చేసి, విద్యార్థులకు అభిముఖముగా నిలబడవలెను. గ్రహణము ముగియువరకు దృష్టి విద్యార్థులపై నుండి మరల్చరాదు." స్నానం చేస్తుంటే తట్టింది. మర్చిపోతానేమోనని ఒంటిమీద సబ్బుతోనే వచ్చి రాసుకున్నారు. ఆ పర్యవేక్షకుల్లో తానూ ఒకణ్ణన్న సంగతి మాత్రం అప్పుడు తట్టలేదు. మంచి వాక్యం దొరికిన మనిషికి అలాంటివి తట్టవు.

నిబంధనలు పుస్తకంగా అచ్చయ్యాయి. వెనక అట్ట మీద మాస్టారి పేరు చిన్న అక్షరాల్లో ఉంది. భూతద్దం పెట్టి చూసుకున్నారు.

అసలు నల్లద్దాలు తరవాతి వారం వచ్చాయి. నాలుగు వందల పన్నెండు, తలకు బిగించుకోవడానికి వెనక ఎలాస్టిక్ పట్టీతో సహా. వాటిని బీరువాలో పెట్టి తాళం వేసిన హెడ్మిస్ట్రెస్ సుగుణమ్మ గారు ఆ సాయంత్రం పుస్తకం పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చారు.

"మాస్టారూ, నాలుగో నిబంధన ప్రకారం ప్రతి అద్దాన్నీ కళ్ళకు పెట్టుకుని పరీక్షించాలి. ఐదో నిబంధన ప్రకారం పరీక్షించని అద్దాన్ని కళ్ళకు పెట్టుకోకూడదు. రెండూ రాసింది మీరే కదండీ?"

"ఆ... అంటే సందర్భాన్ని బట్టి..."

"నాకు సందర్భం వద్దండి. రేపు పది గంటలకల్లా పరీక్షించినట్టు రిపోర్టు పెట్టమన్నారు."

మాస్టారు రాత్రంతా ఆలోచించి మార్గం కనిపెట్టారు. సూర్యుడు ఉన్నచోట పెట్టుకుంటేనే కదా ప్రమాదం. మర్నాడు పొద్దున్నే స్టోరు రూములో తలుపులు వేసి, దీపం ఆర్పి, ఒక్కొక్క అద్దం పెట్టుకుని చూశారు. దేంట్లోంచీ ఏమీ కనపడలేదు. నాలుగు వందల పన్నెండూ భేషుగ్గా ఉన్నాయని సర్టిఫికెట్ రాశారు. ఆ పద్ధతి జిల్లా అంతటికీ ఆదర్శమని పరాంకుశం గారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు.

ఈలోపు యాప్ వచ్చింది. ఏ పనికైనా యాప్ రావడం, అది వచ్చాక పని వెనకబడి యాప్ ముందుకు రావడం మాస్టర్లకు అలవాటే. ఒక్కో విద్యార్థికి అద్దాలు పెట్టి ఫోటో తీసి ఎక్కించాలి. మాస్టారు మొదటి పిల్లకి తీశారు. "కళ్ళు కనబడుట లేదు. అద్దములు తొలగించి మరల ప్రయత్నించుడు" అంది యాప్. తొలగించి తీశారు. "విద్యార్థి అద్దములు ధరించలేదు. నిబంధన ఉల్లంఘన" అంది. చివరికి అద్దాలు నుదుటి మీదికి నెట్టి తీస్తే ఒప్పుకుంది. అలా నాలుగు వందల పన్నెండు నుదుళ్ళు సురక్షితమని తేలింది.

అద్దాలు తీయడానికి అనుమతి కూడా ఆ యాప్‌లోనే. చీకటి పడగానే "అనుమతి కోరు" అన్న మీట నొక్కాలి. జిల్లా కేంద్రంలో పరాంకుశం గారు తెర ముందు కూర్చుని "మంజూరు" నొక్కుతారు. మాస్టారు కాగితం మీద లెక్క వేసుకున్నారు. అనుమతికి పది సెకన్లు పోయినా ఇంకా నూట రెండు సెకన్లు మిగులుతాయి. నూట రెండు సెకన్లంటే తక్కువేం కాదు. రెండో వాక్యం మార్చినందుకు ఆయన మనసులో ముల్లులా ఏదో గుచ్చుకుంటున్నా, ఆ నూట రెండు చూసుకుని ఊరట పడ్డారు.

ఇక మిగిలింది తర్ఫీదు. పన్నెండు రోజులు, రోజుకోసారి, బడి ఆవరణలో పిల్లల్ని వరసల్లో నిలబెట్టి మాస్టారే చేయించారు. ఈల ఊదితే అద్దాలు పెట్టుకోవాలి. మూడు ఈలలు ఊదితే తీయాలి. మామూలుగా చేయిస్తే చప్పగా ఉందని ఒక పరీక్ష కూడా కనిపెట్టారు. మధ్యలో ఉన్నట్టుండి "అద్దాలు తీసేయండి!" అని అరుస్తారు. మూడు ఈలలు లేకుండా తీసినవాళ్ళు వరసలోంచి బయటికి పోవాలి.

మొదటిరోజు సగం బడి బయటికి పోయింది. ఆరోరోజుకి పది మంది. ఆఖరికి మోసపోయేది ఒక్కతే మిగిలింది, ఏడో తరగతి యాళ్ళ దీవెన. ఎప్పుడు అరిచినా టక్కున తీసేసేది.

"ఎందుకు తీశావమ్మా?"

"మీరు తియ్యమన్నారు కదండి."

"నేను అన్నా తియ్యకూడదు. అదే పరీక్ష."

"మరి మీరు అనడం ఎందుకండి?"

మాస్టారు మళ్ళీ ఈల ఊదారు. పదకొండో రోజు దీవెన తీయలేదు. పెదాలు బిగించి, రెండు చేతులతో అద్దాలు అదిమిపట్టుకుని నిలబడింది. బడంతా చప్పట్లు కొట్టింది. మాస్టారు తన జేబులో పెన్ను తీసి ఆ పిల్లకి బహుమతిగా ఇచ్చారు.

గ్రహణం రోజు వచ్చింది. మబ్బు తునక లేదు. తొమ్మిదిన్నరకే పిల్లలు వరసల్లో నిలబడ్డారు. వాళ్ళకు ఎదురుగా, సూర్యుడికి వీపు చేసి, పదకొండు మంది మాస్టర్లూ సుగుణమ్మ గారూ తాతాజీ మాస్టారూ నిలబడ్డారు. సూర్యుడు కొద్దికొద్దిగా అరుగుతుంటే పిల్లలు "అబ్బో" అంటున్నారు, "అదుగో" అంటున్నారు. మాస్టారికి తిరిగి చూడాలని మెడ పీకేస్తోంది. పర్యవేక్షకులకు నల్లద్దాలు ఇవ్వలేదు. వీపుకి అద్దాలెందుకని, తెప్పించాల్సిన సరుకు రాసే ఇండెంట్లో ఆయనే కొట్టేశారు.

పది నలభై దాటింది. ఎండ పాలిపోయింది. నేలమీద నీడలు చిత్రంగా పదునెక్కాయి. చల్లగాలి వీచింది. ఒక్కసారిగా ఎవరో దీపం ఆర్పేసినట్టు చీకటి పడిపోయింది. మధ్యాహ్న భోజనం వండే షెడ్డు వెనక కోళ్ళు గూట్లోకి పోతున్న చప్పుడు వినపడింది.

మాస్టారు ఫోను తీశారు. "అనుమతి కోరు" నొక్కారు.

"సంపూర్ణ గ్రహణము ప్రారంభమైనట్టు ఫోటో జతపరచుడు."

ఫోను తల మీదికెత్తి, వెనక్కి తిప్పి, చూడకుండానే ఆకాశాన్ని ఫోటో తీశారు.

"ఫోటోలో వెలుతురు చాలదు. తగినంత వెలుతురులో మరల ప్రయత్నించుడు."

మళ్ళీ తీశారు. వెలుతురు చాలదు. ఫ్లాష్ వేసి తీశారు. ఈసారి సుగుణమ్మ గారి చెవి, సగం చెంప పడ్డాయి. "ఇది గ్రహణము కాదు" అంది యాప్. అరవై సెకన్లు పోయాయి.

"మాస్టారండీ, ఏమీ కనపడట్లేదండి," అంది మొదటి వరసలోంచి ఒక గొంతు.

మాస్టారు తలెత్తారు. మసక చీకట్లో నాలుగు వందల పన్నెండు మంది పిల్లలు మొహాలు ఆకాశానికెత్తి, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని, బుద్ధిగా ఏమీ చూడకుండా నిలబడి ఉన్నారు. అచ్చం స్టోరు రూములో తాను నిలబడ్డట్టే. ఆయనకు ఏడుపొచ్చింది. మామ్మ తాళం కన్నంలో గుడ్డపీలిక కుక్కింది ఒక్క మనవడి కోసం. తాను బడి మొత్తానికి కుక్కాడు, పైగా పుస్తకం వేసి మరీ.

"తీసేయండి!" అని అరిచారు. "అద్దాలు తీసేయండి!"

ఒక్క చెయ్యి కదల్లేదు. వరసల్లో కిసుక్కుమని నవ్వులు వినపడ్డాయి.

"నిజంగానే చెప్తన్నానర్రా! తీసి చూడండి!"

"మోసపోమండీ!" అంది బడంతా ఒక్క గొంతుతో.

మూడు ఈలలు ఊదుదామని మెళ్ళో వెతుక్కున్నారు. ఈల లేదు. ఆ రోజు దాన్ని పదిహేడో నిబంధన ప్రకారం హెడ్మిస్ట్రెస్ గారి బీరువాలో పెట్టి తాళం వేశారు, మంజూరు రాకముందే ఎవరూ పొరపాటున ఊదకుండా. మాస్టారు మొదటి వరస దగ్గరికి పరిగెత్తారు. దీవెన ముందు ఆగారు.

"తియ్యమ్మా. నీకు పుణ్యముంటుంది."

"ఈసారి నేను మోసపోనండి," అంది ఆ పిల్ల, రెండు చేతులతో అద్దాలు అదిమిపట్టుకుని, గర్వంగా.

చేతులు విడదీసి ఆయనే లాగేశారు. ఇంకా ఇరవై సెకన్లున్నాయి. ఆ పిల్ల తిట్టబోయి, తలెత్తి, అలాగే ఉండిపోయింది. నోరు తెరుచుకుంది. మాస్టారు వెనక్కి తిరిగితే చాలు. తిరగలేదు. లెక్క ఒక్క సెకను తప్పితే ఆ పిల్ల కళ్ళకే ముప్పు. అద్దాలు రెండు చేతుల్లో సిద్ధంగా పట్టుకుని, ఆమె మొహం మీద నుంచి చూపు తిప్పకుండా, పైకే లెక్కపెట్టారు. పది, తొమ్మిది, ఎనిమిది. రెండు దగ్గర అద్దాలు మళ్ళీ ఆమె కళ్ళకు బిగించేశారు. వెలుతురు వచ్చింది. షెడ్డు వెనక కోడిపుంజు కూసింది.

మధ్యాహ్నం యాప్‌లో రిపోర్టు నింపాలి. "అద్దములు తొలగించిన వారి సంఖ్య" అన్న గడి దగ్గర సుగుణమ్మ గారు పక్కన నిలబడ్డారు.

"సున్నా కొట్టెయ్యండి మాస్టారూ. ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడలేదనేనండి నా ఏడుపు," అన్నారు మాస్టారు. పింగాణీ కప్పు ముందు కూర్చుని ఒక అబద్ధం రాశారు. రెండోది రాయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఒకటి అని కొట్టారు. జిల్లాలోని ఆరు వందల నలభై బళ్ళలో మిగతావన్నీ తెరమీద ఆకుపచ్చగా ఉండగా తుమ్మలగరువు ఒక్కటే ఎర్రబడింది.

మూడోరోజు మెమో వచ్చింది. "ఒక విద్యార్థిని గ్రహణము చూచుటకు కారణమైనందుకు తమరిపై చర్య ఎందుకు తీసుకొనరాదో తెలుపవలెను." ఆ మర్నాడు విచారణకు పరాంకుశం గారే స్వయంగా వచ్చారు. దీవెనను కుర్చీలో కూర్చోబెట్టి, మాస్టారిని గోడవార బల్లమీద కూర్చోమన్నారు. సుగుణమ్మ గారు సాక్షి.

"భయపడకమ్మా. అద్దాలు తీశాక నీకేం కనపడింది?"

"నల్లగా, గుండ్రంగా ఉందండి. మా అమ్మ అట్లు పోసే పెనంలాగ. దాని చుట్టూ తెల్లగా జుట్టు విరబోసినట్టుందండి. అటూ ఇటూ, పొడుగ్గా, మెత్తగా."

పరాంకుశం గారు రాసుకుంటున్నారు. మాస్టారు బల్ల అంచుకు జరిగారు.

"పక్కనే చుక్క కూడా ఉందండి. పగలే. చుట్టూ ఊరవతలంతా సందెవేళ ఎర్రదనం ఉంటాది కదండి, అది నాలుగు వేపులా ఉందండి."

పరాంకుశం గారి కలం ఆగిపోయింది. గ్రహణం వేళ ఆయన కిటికీలు లేని గదిలో, ఆరు వందల నలభై బళ్ళ తెర ముందు కూర్చుని ఉన్నారు. "ఇంకా?" అన్నారు. ఆ ప్రశ్న ఆయన తెచ్చుకున్న కాగితంలో లేదు.

"ఇంకా... ఏడుపొచ్చిందండి. ఎందుకో తెలీదండి."

మాస్టారు మోచేతులు మోకాళ్ళమీద ఆనించి, తరగతిలో వెనక బెంచీ పిల్లాడిలా నోరు తెరుచుకుని వింటున్నారు. పరాంకుశం గారు గొంతు సవరించుకుని మళ్ళీ కాగితంలోకి వచ్చారు.

"ఆ సమయంలో మీ మాస్టారు ఎక్కడున్నారు?"

"నా ఎదురుగానే ఉన్నారండి. నా అద్దాలు పట్టుకుని."

"ఆయన కూడా చూశారా?"

"లేదండి. సూర్యుడికి వీపెట్టి నిలబడ్డారండి. అంతసేపూ నన్నే చూత్తా లెక్కెడతన్నారండి. నేనే అనుకున్నానండి, పాపం ఒక్కసారి తిరిగితే బావుణ్ణని."

పరాంకుశం గారు సంచిలోంచి పుస్తకం తీశారు. పేజీలు తిప్పారు. తొమ్మిదో నిబంధన పైకి చదివి, మాస్టారి వంక ఎంతో మెచ్చుకోలుగా చూసి, పుస్తకం మూసేశారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మాస్టారు బడి వరండాలో కూర్చుని చదువుకున్నారు. "సంపూర్ణ గ్రహణము జరుగుచున్నంతసేపు సదరు ఉపాధ్యాయులు సూర్యునికి వీపు చేసియే నిలబడినట్లు సాక్ష్యము ద్వారా రుజువైనందున, తొమ్మిదవ నిబంధనను అక్షరాలా పాటించినట్లు భావించి, చర్య ఉపసంహరించడమైనది. వీరి సేవలను గుర్తించి, తుమ్మలగరువునకు రాబోవు తదుపరి సంపూర్ణ గ్రహణమునకు కూడ వీరినే సాంకేతిక సభ్యునిగా కొనసాగించడమైనది."

తుమ్మలగరువు మీదికి మళ్ళీ సంపూర్ణ గ్రహణం రావడానికి రెండు వందల పద్నాలుగేళ్ళు పడుతుందని మాస్టారికి తెలుసు. అయినా ఉత్తర్వు అందినట్టు సంతకం పెట్టి పంపాలి. పెన్ను కోసం జేబు తడుముకున్నారు. అది దీవెన దగ్గరుందని గుర్తొచ్చి, సుగుణమ్మ గారిది అడిగి పుచ్చుకున్నారు. కాగితం మీద అక్షరాలు సరిగా ఆనడం లేదు. వెలుతురు కోసం కుర్చీని ఇటు తిప్పుకుని, సూర్యుడికి వీపు చేసి కూర్చుని, సంతకం పెట్టారు.